వియ్యాలవారి విస్తట్లో మీథేన్

వియ్యాలవారిని మాంసం విందుకని పిలిచి మీల్ మేకర్ పెట్టాను.

తప్పు ఇదే. దీనికి ముందూ వెనకా ఎన్ని కారణాలు తగిలించినా దీని పొడుగు తగ్గదు గనక ముందే చెప్పేశాను. మా కృష్ణా జిల్లాలో కోర్టుకి లాగినా ఎప్పటికో ఒకప్పటికి మర్చిపోతారు. పొలం గట్టు జరిపినా ఓ తరం పోయాక మర్చిపోతారు. విందులో ముక్క తగ్గిందంటే మాత్రం మునిమనవల దాకా చెప్పుకుంటారు. నేను తగ్గించింది ముక్క కాదు, మూడు మేకలు. ఆ విందు ఎలా తగలబడిందో, ఆ మంటలో నా మీసాలు ఎలా కాలాయో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్ళు నవ్వి నవ్వి అలిసిపోయారు. ఇక మీ వంతు.

అప్పటికి నాకు డెబ్బై ఏళ్ళు. కుర్రతనం.

నా చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. చల్లపల్లి పక్క పల్లెటూరి నుంచి వచ్చి బెజవాడ పటమటలో ఎరువుల కొట్టు పెట్టాను. యూరియా బస్తా మీద కూర్చుని నేను చదివినన్ని పేపర్లు ఏ ప్రొఫెసరూ కుర్చీలో కూర్చుని చదివి ఉండడు. కూర్చున్న బస్తా అమ్ముడుపోతే ఇంకో బస్తా మీదికి మారి, ఆపిన వాక్యం దగ్గర్నుంచి మళ్ళీ చదివేవాణ్ణి. ఇలా సొంతంగా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుందండీ. బడిలో చదివినవాడికి పరీక్ష అయిపోగానే చదివింది కూడా పోతుంది, హాయి. మాకు పరీక్ష ఉండదు, అందుకని చదివింది పోదు. ఎదురుపడ్డవాళ్ళందరికీ మేమే పరీక్ష పెడుతుంటాం.

కొట్టు మా అబ్బాయికి అప్పగించాక బస్తా పోయి ఫోను వచ్చింది. అందులో చదివాను మీథేన్ సంగతి. ఆవు, గేదె, మేక, గొర్రె, నెమరువేసే జాతి ఏదైనా సరే, దాని పొట్టలో మేత పులిసి ఒక వాయువు పుడుతుంది. అదే మీథేన్. అది బయటికొచ్చేది తేన్పుల్లో. (వెనకనుంచి అనుకునేరు. నేనూ అలాగే అనుకుని వాకింగ్ మిత్రుల ముందు అభాసుపాలయ్యాను. చాలామట్టుకు ముందునుంచే.) అది పైకెళ్ళి భూమిని కప్పేసి వేడిని పోనివ్వదు. బొగ్గుపులుసు వాయువు దుప్పటి అనుకుంటే ఇది రగ్గు. మే నెలలో బెజవాడలో రగ్గు కప్పుకున్నవాడి అవస్థ మీకు వేరే చెప్పాలా. మనం మాంసం తినేకొద్దీ మందలు పెరుగుతాయి, మందలు పెరిగేకొద్దీ రగ్గు మందమవుతుంది.

ఇది అబద్ధం కాదు, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. నా చిన్నతనంలో వీధి మొత్తానికి పండక్కి ఒక్క పోతు తెగేది. వాటాలేసి పంచుకుంటే పెద్దవాళ్ళకి ముక్కలు, పిల్లలకి పులుసు. పులుసులో ముక్క నీడ కనిపించినా ఆ పూట గొప్పగా ఉండేది. ఇప్పుడు ఆదివారం పొద్దున మాంసం కొట్ల ముందు నిలబడే వరస చూస్తే ఊళ్ళో కరువొచ్చిందేమో అనిపిస్తుంది. సాయంత్రమైతే బిర్యానీ వాసన రాని సందు పటమటలో లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి దాచబోయాను, మనసొప్పడం లేదు. నేను మాంసం మానేసింది భూమి కోసం కాదు. డాక్టరుగారు నా రక్తం రిపోర్టు చూసి, "ఇంక మటన్ మాటెత్తకండి పెద్దాయనా" అన్నారు. ఆ తర్వాత మూడు ఆదివారాలు పక్కింటి కుక్కరు కూత వినలేక బెంజ్ సర్కిల్ దాకా నడిచివెళ్ళేవాణ్ణి. అలాంటి రోజుల్లో మీథేన్ సంగతి కంటబడింది. ఇంకేం, నా కొలెస్టరాల్‌కి భూగోళం పేరు పెట్టేశాను. నాకు అరగనిది లోకానికే పనికిరాదన్నమాట. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నారు పెద్దలు. నేను డోలుతో సరిపెట్టుకోలేదు, భూగోళాన్నే తగిలించుకున్నాను.

ఆ ఏడాదే దసరా వెళ్ళగానే మా మనవరాలు హారిక పెళ్ళి. పెళ్ళికొడుకు సందీప్ బుద్ధిమంతుడు, వ్యవసాయ శాఖలో ఉద్యోగం. వాళ్ళది చల్లపల్లి దగ్గర ఆసామీల ఇల్లు. పెళ్ళికి ఏసీ హాలు తీసుకున్నాం. దానికి లారీ అంత జనరేటరు. పూలు విమానంలో వచ్చాయి. ఫొటోల కోసం పెళ్ళికి ముందే పిల్లల్ని మూడు ఊళ్ళు తిప్పుకొచ్చారు. వీటిలో ఏ ఒక్కటీ నా భూగోళానికి తగల్లేదు. నా కళ్ళు మేక మీదే ఉన్నాయి.

పెళ్ళయ్యాక మా వైపు మనుగుడుపులు ఉంటాయి. కొత్త అల్లుణ్ణీ అతని తరఫువాళ్ళనీ ఆడపిల్లవాళ్ళు పిలిచి విందు చేస్తారు. పెళ్ళిలో పప్పూ పులిహోరా పెట్టినా ఎవరూ ఏమనరు, అది దేవుడి భోజనం. మనుగుడుపుల విందు మాత్రం మనుషుల భోజనం. అందులో మాంసం ఉండి తీరాలి. ఆ విందుకి వియ్యాలవారి తరఫున పెద్ద, సందీప్ తాతగారు వెంకటరత్నంగారు. వయసులో నాకంటే కాస్త చిన్న, గొంతులో నాకంటే చాలా పెద్ద. పొలం, గేదెలు, పంచె, అన్నీ తెల్లగా మెరిసే మనిషి, పొలమూ గేదెలూ తప్ప.

విందుకి ముందురోజు మధ్యాహ్నం మూడు మేకపోతుల్ని తెచ్చి మా పెరట్లో జామచెట్టుకి కట్టారు. తెల్లారేసరికి, అవి అమ్మిన మాంసం కొట్టు మస్తానే వచ్చి కొయ్యాలి. నేను కుర్చీ వేసుకుని వాటి ఎదురుగా కూర్చున్నాను. అవి నెమరేస్తూ నన్ను చూశాయి. నేను వాటిని చూశాను. మధ్యదానికి గొంతు కదిలింది. తేన్చింది. ఫోన్లో ఇన్నాళ్ళూ చదివింది నా కళ్ళముందు జరిగితే ఎలా ఊరుకుంటానండీ.

మస్తాన్‌కి ఫోన్ చేశాను.

"మస్తానూ, రేపు నువ్వు రావద్దు."

"అదేంటి పెద్దాయనా, విందు రేపే గదా?"

"విందు రేపే. మేకలు రేపు కాదు."

"మేకలు లేకుండా మనుగుడుపులేంటి పెద్దాయనా. ఇంట్లో అడిగారా?"

"ఇంట్లో నేనే పెద్దని."

"అది తెలుసు. అడిగారా అంటున్నా."

ఫోన్ పెట్టేసి వంటమేస్త్రి సుబ్బయ్యని గాడిపొయ్యి దగ్గర పట్టుకున్నాను. సోయాతో చేసే మీల్ మేకర్ నానబెట్టి, మటన్ మసాలాయే వేసి, మటన్ లాగే వండమన్నాను.

"మీల్ మేకరా? వియ్యాలవారికా?"

"మసాలా అదే, కారం అదే, నెయ్యి ధారాళంగా పొయ్యి. ముక్కొక్కటే తేడా."

"ముక్కే కదండీ విందంటే."

"సుబ్బయ్యా, భూమి వేడెక్కిపోతోంది."

సుబ్బయ్య పొయ్యిలోకి చూసి, నావైపు చూసి, "సరేనండీ. రేపు వడ్డన దగ్గరికి మా కుర్రాళ్ళొస్తారు. నేను ఈ కట్టెలు చూసుకుంటూ ఇక్కడే ఉంటాను" అన్నాడు. అనుభవం ఉన్న మనిషి.

నా ఆలోచన చెబుతాను, మీరే న్యాయం చెప్పండి. వాళ్ళు తింటారు. బ్రహ్మాండం అంటారు. అప్పుడు నేను లేచి, "మీరు తిన్నది మాంసం కాదు" అంటాను. ఆశ్చర్యపోతారు. మీథేన్ గురించి చెబుతాను. వెంకటరత్నంగారు కళ్ళనీళ్ళతో లేచి నన్ను కావిలించుకుంటారు. ఆదివారాలు చల్లపల్లి మాంసం కొట్లు ఈగలు తోలుకుంటాయి. ఇక్కడిదాకా ఊహించాను. అంతకు మించి ఊహించడానికి టైము చాల్లేదు.

మర్నాడు హడావుడిలో ఇంట్లోవాళ్ళెవరూ పెరటి వైపు తొంగిచూడలేదు. ముందు వాకిట్లో పందిరి కింద భోజనాల బంతి కూర్చుంది. మసాలా వాసనకి వియ్యాలవారు చొక్కా చేతులు పైకి మడిచారు. వెంకటరత్నంగారు మొదటి విస్తట్లో కూర్చుని, అన్నంలో గుంట చేసి, కూర వేయించుకుని, ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఆగారు. ఇంకో ముక్క తీసి వేళ్ళతో నొక్కారు. అది పిండితే నీళ్ళు కారి, వదిలితే మళ్ళీ ఉబ్బింది.

"బావగారూ, ఇదే ఊరి మేకండీ?" అన్నారు.

"మనదే, లేత మేకండీ."

"ఎముక ఏదీ?"

"లేత మేక గదా."

"ఎంత లేతదైనా ఎముకల్లేకుండా నిలబడుతుందేవిటండీ?"

బంతి మొత్తం వేళ్ళతో వెతకడం మొదలుపెట్టింది. నట్టు పోయిన మెకానిక్కుల్లా కూరంతా కలియబెడుతున్నారు. ఇక ఆగితే లాభం లేదని ప్లాస్టిక్ కుర్చీ ఎక్కాను. (ఎక్కవలసిన అవసరం లేదు. పెద్ద విషయం చెప్పేటప్పుడు ఎత్తు ఉంటే బాగుంటుందనిపించింది.)

"బావగారూ, మీరు తింటున్నది మేక కాదు. మేకలు పెరట్లో క్షేమంగా ఉన్నాయి."

పెరట్లోంచి ఒకటి అరిచి నా మాట నిజమేనని చెప్పింది.

"మేకలు క్షేమం. సంతోషం. మా సంగతేంటండీ?" అన్నారాయన.

చెప్పాను. నెమరు, పులియడం, తేన్పు, రగ్గు, అన్నీ వరసగా చెప్పాను. సరిగ్గా "తేన్పు" అన్నచోట బంతి చివర కూర్చున్న ఆయన తమ్ముడు గట్టిగా తేన్చాడు. ఏమీ తినకుండానే.

వెంకటరత్నంగారు అటు తిరిగి, "ఒరే, నువ్వు కాస్త ఆపుకో. బావగారు భూమిని చల్లబరుస్తున్నారు" అన్నారు. బంతి బంతంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు.

"సరే బావగారూ, మేక తేనుస్తుంది కాబట్టి మేక వద్దన్నారు. మరి ఈ నెయ్యి ఏ చెట్టుకి కాసిందండీ?"

"గేదె నెయ్యండీ, అసలైనది."

"గేదె తేన్చదా?"

నేను నెయ్యి గిన్నె వైపు చూశాను.

"లేకపోతే వియ్యాలవారి గేదె కాబట్టి మర్యాదగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుందా? ఆ గడ్డపెరుగు సంగతేంటి? ఆ పాలకోవా?"

కుర్చీ మీద నిలబడ్డవాడికి మొహం దాచుకోవడానికి చోటుండదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆదుకుంటాడని కొత్త అల్లుడి వైపు చూశాను. ఆదుకోవడానికే నోరు తెరిచాడు పాపం.

"తాతగారు చెప్పింది నిజమేనండీ. పశువుల్లోంచి మీథేన్ వస్తుంది. నీళ్ళు నిలవబెట్టిన వరిచేల్లోంచి కూడా అదే వస్తుందండీ. యూరియా వేస్తే ఇంకో వాయువు వస్తుంది, అది ఇంకా..."

పక్కనుంచి హారిక మోచేత్తో పొడిచింది. ఆగాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. వెంకటరత్నంగారు విస్తట్లో అన్నం వైపు చూశారు, తర్వాత నావైపు.

"అంటే మేక దోషి, గేదె దోషి, మన డెల్టాలో పండే ఈ అన్నం దోషి. ఆ అన్నానికి ముప్పై ఏళ్ళు యూరియా అమ్మిన తమరు మాత్రం కుర్చీ ఎక్కి తీర్పు చెబుతున్నారు. ఇంక మేం తినడానికి మిగిలింది మీ ఉపన్యాసం ఒక్కటే బావగారూ. అది కడుపు నిండా తిన్నాం."

విస్తరి మడిచారు. మాలో భోజనం తృప్తిగా ఉంటే విస్తరిని తనవైపుకి మడుస్తారు, మళ్ళీ వస్తామని దాని అర్థం. అవతలికి మడిచేది చావు ఇంట్లో. ఆయన అవతలికి మడిచారు. ఆయన్ని చూసి తమ్ముడు మడిచాడు. తమ్ముణ్ణి చూసి బంతంతా. గాలికి గడ్డి వాలినట్టు విస్తళ్ళన్నీ ఒక్కవైపుకే వాలిపోయాయి. చేతులు కడుక్కుని, "వస్తాం" అనకుండా వెళ్ళిపోయారు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళేవాళ్ళ గురించి విన్నాను. మీథేన్‌ని చంకన పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆడవాళ్ళకి పసుపు కుంకుమ ఇస్తూ మేడ మీద ఉన్న మా ఆవిడ అన్నపూర్ణ కిందికి దిగేసరికి పందిట్లో మడిచిన విస్తళ్ళూ, కుర్చీ మీద నేనూ మిగిలాం.

"ముందు కుర్చీ దిగండి" అంది.

దిగాను.

"భూమి వేడెక్కితే ఎప్పుడో ఓ వానకి చల్లారుతుంది. పిల్లనిచ్చినచోట వేడెక్కితే దేంతో చల్లారుస్తారు?"

"మేకల్ని మస్తాన్‌కి తిరిగి ఇచ్చేసి..."

"ఏవిటీ ఇచ్చేది? వియ్యాలవారి పేరు చెప్పి తెచ్చిన మేకలు. అమ్ముకుంటే వాళ్ళ విందు అమ్ముకు తిన్నారంటారు. వాళ్ళొచ్చి తినేదాకా అవి ఇక్కడే ఉంటాయి. మేపేది మీరే."

అలా మొదలైంది నా తపస్సు. కోసి ఉంటే ఆ పూటతో ఆ మూడు నోళ్ళూ మూతపడేవి. నా పుణ్యమా అని అవి నా పెరట్లో, నా ఖర్చుతో, పొద్దస్తమానం నెమరేసి తేనుస్తూనే ఉన్నాయి. వాటి మేతకి అవిశాకు మోపులు తెచ్చే ఆటో మా సందు నిండా నల్లటి పొగ వదిలి వెళ్ళేది. జామచెట్టుకి అందినంత మేరా ఆకు లేదు. కరివేపాకు మొక్క ఎక్కడుండేదో గుర్తుపట్టాలంటే నన్నే అడగాలి. మా ఆవిడ ఆరేసిన గంజిపెట్టిన చీర కొంగు తిన్నాయి. భూమి వేడెక్కడం గురించి నేను దాచుకున్న పేపరు కత్తిరింపులు తిన్నాయి, తిని వాటిమీద కూడా తేన్చాయి. పక్క అపార్ట్‌మెంటులో ఒకావిడ బాల్కనీలోంచి, "అంకుల్, మీరు మాంసం వద్దంటారని విన్నాను, మరి ఫారం పెట్టారేంటండీ?" అని అడిగింది.

వెంకటరత్నంగారికి వాట్సాప్‌లో మెసేజీ పెట్టాను. మొదటిది కొంచెం పొడుగైంది. అందులో పశువుల పొట్టకి నాలుగు గదులుంటాయని కూడా రాశాను. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. మా ఆవిడ చూసి, "క్షమించమని రాయండి. సైన్సు రాయకండి" అంది. రెండోది అలాగే రాశాను. నీలం గీతలు. మూడోది, నాలుగోది. నా ఫోను నిండా నీలం గీతలే, బకింగ్‌హాం కాలవలాగా.

ఒకరోజు హారిక ఫోన్ చేసింది.

"తాతయ్యా, నేను కాఫీ కలిపి ఇస్తే, పాలు పోశావా అమ్మా, మీ తాతగారికి తెలుసా అంటున్నారు."

"ఎవరా అన్నది?"

"అందరూ. నన్నెవరూ తిట్టట్లేదు తాతయ్యా. నవ్వుతున్నారంతే. వాళ్ళు నవ్వినప్పుడల్లా నేనూ నవ్వాలి గదా. అది కష్టంగా ఉంది."

మీథేన్ గురించి ఎవరేమడిగినా జవాబు చెప్పగలను. దీనికి నా దగ్గర ఏ పేపరులోనూ చదివింది లేదు.

దీపావళి వచ్చింది. కొత్త అల్లుడికి మొదటి దీపావళి, అత్తవారింట్లో జరగాలి. బట్టలు కొన్నాం, అరిసెలు వండాం. సందీప్ ఫోన్ చేసి, "ఏమీ అనుకోకండి తాతగారూ, మా తాతయ్య కదలకుండా మేం వస్తే బాగోదండీ" అన్నాడు. అన్నపూర్ణ వాకిట్లో ప్రమిదలు వెలిగించి, కొత్త బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. మాకు యాభై ఏళ్ళ కాపురం. ఆవిడ తిడితే నేను నిద్రపోగలను. తిట్టకపోతే కష్టం.

మర్నాడు పొద్దున్నే, ఎవరికీ చూపించకుండా, ఆఖరి మెసేజీ నేనే రాశాను. దాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు దింపుతున్నాను, ఎందుకంటే ఇది నా ప్రమాణం కూడా.

"వెంకటరత్నం బావగారికి నమస్కారాలు. ప్రకాశం బరాజీ గేట్ల సాక్షిగా, తూర్పు కాలవ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట భూమిని రక్షించాలని నాకు బుద్ధి పుడితే నా విస్తట్లోనే రక్షించుకుంటాను. ఎదుటివాడి విస్తట్లోకి తొంగిచూడను. ఒకటి చెప్పి ఇంకోటి వడ్డించను. ఎముక లేనిదాన్ని మేక అనను. బతికుండగా మళ్ళీ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కను. నేను చెప్పింది నిజమే కావచ్చు గానీ, నిజానికి కూడా వడ్డన వరస ఒకటుంటుందని ఇప్పుడు తెలిసింది. ఆదివారం మీరంతా రావాలి. మస్తాన్‌తో మాట్లాడేశాను. మూడు మేకలూ మీవే. హారిక ముఖం చూసి రండి."

నీలం గీతలు పడ్డాయి. ఆ రోజంతా ఏమీ లేదు. మర్నాడు మధ్యాహ్నం, నేను పెరట్లో అవిశాకు వేస్తుండగా ఫోను మోగింది. వెంకటరత్నంగారి గొంతు, వాయిస్ మెసేజీ. చెయ్యి లుంగీకి తుడుచుకుని నొక్కాను. అన్నపూర్ణ వంటింట్లోంచి వచ్చి పక్కన నిలబడింది. ఆయన అన్నది ఇది:

"బావగారూ, మీ మెసేజీలన్నీ మా మనవడు చదివి వినిపించాడండీ. పొట్టలో నాలుగు గదులన్నది రెండుసార్లు చదివించుకున్నాను. ఇంక మనసులో ఏమీ పెట్టుకోకండి. హారిక మా పిల్ల, ఇక్కడ ఇకమీదట ఎవరూ ఆ మాటెత్తరు, నేను చెప్పాను. ఆదివారం అందరం వస్తున్నాం. అయితే కార్తీకం వచ్చేసింది గదండీ, నెల వెళ్ళేదాకా మా ఇంట్లో ఎవరూ నీసు ముట్టరు. కూరగాయల వంటే చేయించండి. ఇది మేం మానుకున్నది లెండి, ఒకరు మాన్పించింది కాదు. మాంసానికి కార్తీకం దాటాక మళ్ళీ వస్తాం. అందాకా ఆ మేకల్ని బాగా మేపుతూ ఉండండి."